ఆదివాసీ మహిళల పునరుత్పత్తి ఆరోగ్యం, సంస్కృతి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివాసీ ప్రాంతాల్లో పనిచేసే నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు, ఈ విషయం చదువుకుంటున్న విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ప్రపంచంలో 90కి పైగా దేశాల్లో దాదాపు 47 కోట్ల 60 లక్షల మంది ఆదివాసులు ఉన్నారని ఐక్యరాజ్యసమితి అంచనా. ఒక తెగలో ఉన్న ఆచారం పక్క కొండ మీది తెగలోనే ఉండకపోవచ్చు. అందుకని కింద చెప్పిన ఏ ఉదాహరణనీ ఆదివాసులందరికీ అంటగట్టకండి. మీరు పనిచేసే చోట ఆడవాళ్లను అడిగి తెలుసుకోండి.

పునరుత్పత్తి ఆరోగ్యం అంటే కాన్పుల గురించేనా?

కాదు. మొదటి నెలసరి నుంచి ముట్లుడిగే దాకా, ఆ తర్వాత కూడా ఒక స్త్రీ శరీరానికి సంబంధించిన చాలా విషయాలు ఇందులోకి వస్తాయి. తెల్లబట్ట, గర్భసంచి జారడం, పిల్లలు పుట్టకపోవడం, గర్భస్రావం, లైంగిక వ్యాధులు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, ఎంతమంది పిల్లల్ని ఎప్పుడు కనాలో తేల్చుకునే హక్కు, ఇవన్నీ. ప్రభుత్వ లెక్కల్లో కాన్పులకే ఎక్కువ చోటు దొరుకుతుంది కాబట్టి మిగతావి వెనకబడిపోతాయి.

ఆదివాసీ మహిళలు ఆసుపత్రికి రాకపోవడానికి మూఢనమ్మకాలే కారణమా?

అందరికంటే ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. ప్రశ్నలోనే జవాబు పెట్టేసి అడుగుతారు. ముందు మామూలు కారణాలు చూడండి. దూరం, దారి లేకపోవడం, డబ్బు, ఇంట్లో మిగతా పిల్లల్ని చూసేవాళ్లు లేకపోవడం, వెళ్తే డాక్టర్ ఉంటారో లేదో తెలియకపోవడం. ఇవన్నీ తీరినా రావడం లేదంటే అప్పుడు సంస్కృతి గురించి మాట్లాడాలి. అప్పుడు కూడా ఆమె సంస్కృతితో పాటు ఆసుపత్రి సంస్కృతి గురించి మాట్లాడాలి.

ఆసుపత్రికి సంస్కృతి ఏమిటి అని ఆశ్చర్యపోకండి. బట్టలు మార్పించడం, వెల్లకిలా పడుకోబెట్టడం, భర్తనీ తల్లినీ బయట నిలబెట్టడం, ముక్కూ మొహం తెలియని మగవాడు వచ్చి పరీక్ష చేయడం, అర్థంకాని భాషలో అరవడం. ఇవన్నీ వైద్యానికి తప్పనిసరి అనుకుంటాం. చాలావరకు అలవాట్లే.

పెరూ దేశంలో అయకుచో ప్రాంతపు కొండల్లో కెచువా మాట్లాడే ఆడవాళ్ల విషయంలో జరిగింది చెబుతాను. సాంతియానా అనే జిల్లాలో 1999లో నూటికి ఆరు కాన్పులే ఆరోగ్య కేంద్రంలో జరిగేవి. అక్కడ ఆరోగ్య కార్యక్రమం నడిపేవాళ్లు ఆడవాళ్లనీ మంత్రసానుల్నీ కూర్చోబెట్టి, మీకు ఏం కావాలి అని అడిగారు. కాన్పు గదిలో పట్టుకుని బలం తీసుకోవడానికి తాడు కట్టారు, కూర్చుని కనడానికి వీలుగా బల్ల వేశారు, భర్తనీ మంత్రసానినీ లోపలికి రానిచ్చారు, సిబ్బంది కెచువాలో మాట్లాడారు. 2007 నాటికి నూటికి 83 కాన్పులు అక్కడే జరిగాయి. ఆ ఆడవాళ్లకి నమ్మకాలు మానుకొమ్మని ఎవరూ పాఠాలు చెప్పలేదు. గది మార్చారు, మాట తీరు మార్చారు, వాళ్లు వచ్చారు.

మహారాష్ట్రలో గడ్చిరోలిలో డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ కట్టిన ఆసుపత్రిలో కూడా ఇదే ఆలోచన కనిపిస్తుంది. అది ఆదివాసీ పల్లెలాగా, గుడిసెల్లాంటి వార్డులతో ఉంటుంది. చుట్టాలు రోగితో పాటు ఉండొచ్చు. దానికి అక్కడివాళ్లు కొలిచే దంతేశ్వరీ తల్లి పేరు పెట్టారు.

నిలబడో, కూర్చునో, మోకాళ్ల మీదో కనడం ప్రమాదం కాదా?

మామూలు కాన్పుకి ప్రమాదం కాదు. తల్లి తనకి అనువైన భంగిమ ఎంచుకోవాలని, నిటారుగా ఉండే భంగిమలు కూడా అందులో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి. తోడుగా తనకి నచ్చిన మనిషిని ఉంచుకోవడం గురించీ అవే చెబుతున్నాయి. పెరూ ప్రభుత్వం 2005లోనే నిటారు కాన్పుకి సాంకేతిక నియమావళి తెచ్చింది. వెల్లకిలా పడుకోవడం చూసేవాళ్లకి అనుకూలం. కనేవాళ్లకి అంతగా కాదు.

కుటుంబ నియంత్రణ అనగానే ఎందుకంత భయపడతారు? మంచికే కదా చెబుతున్నాం?

మీరు మంచికే చెబుతుండొచ్చు. కానీ మీకంటే ముందు వచ్చినవాళ్లు ఏం చేశారో ఆ కుటుంబాలకి గుర్తుంది. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ చరిత్ర తెలియకుండా గ్రామంలోకి వెళ్లడం తప్పు అని నా నమ్మకం.

అమెరికాలో ఆదివాసుల కోసం ప్రభుత్వమే నడిపే ఆరోగ్య సేవల్లో 1973 నుంచి 1976 మధ్య, పన్నెండు ప్రాంతాల్లో నాలుగింటిని మాత్రమే తనిఖీ చేస్తే 3,406 మంది స్త్రీలకి పిల్లలు పుట్టకుండా చేసినట్టు తేలింది. 1976లో ప్రభుత్వ ఆడిట్ సంస్థే ఇచ్చిన నివేదిక ఇది. అంగీకార పత్రాలు సరిగ్గా లేవని, 21 ఏళ్లు నిండని అమ్మాయిలకు చేయకూడదన్న ఆంక్ష ఉన్నా చేశారని అందులోనే ఉంది.

గ్రీన్‌లాండ్‌లో 1966 నుంచి కొన్నేళ్ల పాటు డెన్మార్క్ వైద్యులు అక్కడి ఆదివాసులైన ఇన్యూట్ తెగలో దాదాపు 4,500 మంది స్త్రీలకి, బాలికలకి గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే లూప్ వేశారు. చాలామందికి చెప్పకుండా, అడగకుండా వేశారు. కొందరు బడికి వెళ్లే పిల్లలు. ఏళ్ల తరబడి పిల్లలు పుట్టక, కారణం తెలియక కుమిలిపోయిన వాళ్లున్నారు. డెన్మార్క్ ప్రధాని దీనికి క్షమాపణ చెప్పింది 2025లో.

పెరూలో 1996 నుంచి 2000 మధ్య, అధ్యక్షుడు ఆల్బెర్తో ఫుజిమోరి పాలనలో, రెండు లక్షల డెబ్బై వేలకి పైగా మహిళలకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. అందులో చాలామంది కొండ ప్రాంతాల పేద ఆదివాసీ స్త్రీలు. సిబ్బందికి టార్గెట్లు పెట్టారు. మామెరితా మెస్తాన్సా అనే ఏడుగురు పిల్లల తల్లి ఒత్తిడికి తలొగ్గి ఆపరేషన్ చేయించుకుని, తర్వాత సరైన వైద్యం అందక 1998లో చనిపోయింది. ఆమె కేసు అమెరికా ఖండాల దేశాల ఉమ్మడి మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్లింది. 2003లో పెరూ ప్రభుత్వం తన బాధ్యత ఒప్పుకుంది.

మన దేశం విషయానికొస్తే, 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే శిబిరంలో కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశారు. ఆ శిబిరంలోనూ ఆ రోజుల్లో జరిగిన మిగతా శిబిరాల్లోనూ చేయించుకున్న వాళ్లలో పదమూడు మంది చనిపోయారు. అదే రాష్ట్రంలో దీనికి పూర్తిగా ఎదురు కథ కూడా ఉంది. అవిభక్త మధ్యప్రదేశ్‌లో 1979లో వచ్చిన ఒక ఉత్తర్వు వల్ల బైగా లాంటి తెగల స్త్రీలు కావాలన్నా ఈ ఆపరేషన్ చేయించుకోలేకపోయారు, ఆ తెగల జనాభా తగ్గిపోతుందన్న కారణం చూపి. పిల్లలు చాలనుకున్న తల్లులు దాని మీద హైకోర్టుకి వెళ్లాల్సి వచ్చింది. ఒకచోట బలవంతంగా చేశారు, ఇంకోచోట అడిగినా చేయలేదు. రెండుచోట్లా ఆమె శరీరం గురించి నిర్ణయం తీసుకున్నది వేరేవాళ్లు.

కాబట్టి గర్భనిరోధకాల గురించి మాట్లాడేటప్పుడు టార్గెట్ పక్కన పెట్టండి. ఉన్న పద్ధతులన్నీ చెప్పండి. తీసేయొచ్చో లేదో, మళ్లీ పిల్లలు పుడతారో లేదో స్పష్టంగా చెప్పండి. నొప్పుల్లో ఉన్నప్పుడో, ఆపరేషన్ బల్ల మీదో సంతకం తీసుకోవద్దు. వద్దంటే ఆమెకి అందాల్సిన ఏ సాయమూ ఆగదని ముందే చెప్పండి.

కాన్పు తర్వాత మాయను ఇంటికి తీసుకెళ్తామని ఎందుకు అడుగుతారు?

న్యూజిలాండ్ మావోరీ భాషలో మాయకీ నేలకీ ఒకటే మాట, ఫెనువా. బిడ్డ మాయను పూర్వీకుల నేలలో పాతిపెడితే ఆ బిడ్డకి ఆ నేలతో బంధం ఏర్పడుతుందని వాళ్ల భావన. ఆసుపత్రులు దాన్ని చెత్తతో పాటు పారేసిన రోజుల్లో తల్లులు ఎంత బాధపడి ఉంటారో ఊహించండి. ఇప్పుడు అక్కడ అడిగినవాళ్లకి ఇచ్చి పంపడం మామూలైంది. అమెరికాలో నవాహో కుటుంబాలు బొడ్డుతాడు ముక్కను ఇలాగే పాతిపెడతాయి. మాయను లీక్ కాని డబ్బాలో పెట్టి, చేతులు ఎలా కడుక్కోవాలో చెప్పి ఇచ్చేస్తే సరిపోతుంది.

మారుమూల ఊళ్ల గర్భిణుల్ని ముందుగానే పట్నం తరలించడం మంచిదే కదా?

ప్రమాదం ఉన్నవాళ్లకి మంచిదే. అందరినీ తరలిస్తే ఏమవుతుందో కెనడా చూసింది. ఉత్తరాది ఇన్యూట్ మహిళల్ని నెలలు నిండకముందే వందల కిలోమీటర్ల దూరంలోని దక్షిణాది ఆసుపత్రులకి విమానంలో పంపేవారు. వారాల తరబడి ఒంటరిగా, తెలియని తిండి తింటూ, భాష రాని చోట ఎదురుచూసేవారు. ఇంటి దగ్గర పెద్ద పిల్లలు తల్లి లేకుండా ఉండేవారు. ఊళ్లో పుట్టుక అనేదే లేకుండా పోయింది. చావులు మాత్రం అక్కడే జరిగేవి.

క్యూబెక్ ఉత్తరాన నునావిక్‌లోని పువిర్నిటుక్ ఊళ్లో స్త్రీలు దీని మీద పట్టుబట్టి 1986లో తమ ప్రసూతి కేంద్రం తెరిపించుకున్నారు. అక్కడి ఇన్యూట్ అమ్మాయిలకే మిడ్‌వైఫ్ శిక్షణ ఇచ్చారు. ప్రతి గర్భిణి విషయం బృందంగా కూర్చుని చర్చించి, ఎవరిని ఊళ్లో ఉంచాలో, ఎవరిని పంపాలో తేలుస్తారు. తర్వాత ఇనుక్జువాక్, సాలుయిట్ ఊళ్లలోనూ కేంద్రాలు వచ్చాయి. ఎక్కువమంది ఊళ్లోనే కంటున్నారు, ఫలితాలూ బాగున్నాయి. సిజేరియన్ సౌకర్యం విమాన దూరంలో ఉన్న ఊళ్లలో ఇది సాధ్యమైందని గుర్తుంచుకోండి.

మంత్రసానులు మానేయాలా, ఉండాలా?

నా ఉద్దేశంలో ఉండాలి, కానీ ఒంటరిగా కాదు. గ్వాటెమాలాలో మాయా తెగల స్త్రీలకి కొమద్రోనా అనే మంత్రసానులే పెద్ద దిక్కు. ఆమె కాన్పు చేయడంతో ఆగదు, గర్భిణిని ఇంటికెళ్లి చూస్తుంది, బాలింతకి ఆవిరి స్నానం చేయిస్తుంది, అత్తాకోడళ్ల గొడవలో మాట సాయం చేస్తుంది. ఆ పనులు చేయడానికి ఏ నర్సుకీ తీరిక ఉండదు. అదే సమయంలో బిడ్డ పుట్టాక ఆగని రక్తస్రావాన్ని చేతులతోనో మూలికలతోనో ఆపగలనని ఆమె అనుకుంటే తల్లి ప్రాణం పోతుంది. ఆసుపత్రి గేటు దగ్గర ఆమెని అవమానిస్తే, వచ్చేసారి ఆలస్యంగా తీసుకొస్తుంది, లేదా అసలు తీసుకురాదు. గౌరవంగా లోపలికి పిలిచి, తను తెచ్చిన మనిషి పక్కన కూర్చోనిస్తే ముందుగానే తీసుకొస్తుంది.

నెలసరి సమయంలో విడిగా ఉంచే ఆచారాన్ని ఎలా చూడాలి?

ముందు ఒక మాట. నెలసరిని అన్ని ఆదివాసీ సమాజాలూ మైల అనుకోవు. నవాహోలు అమ్మాయి మొదటి నెలసరికి కినాల్డా అనే వేడుక నాలుగు రోజులు చేస్తారు. ఆ అమ్మాయి తూర్పు దిక్కుగా పరుగు తీస్తుంది, పెద్ద మొక్కజొన్న రొట్టె చేసి అందరికీ పంచుతుంది. కాలిఫోర్నియాలో హూపా తెగ ఆడవాళ్లు దాదాపు కనుమరుగైన ఇలాంటి వేడుకనే మళ్లీ మొదలుపెట్టుకున్నారు. తన శరీరం గురించి ఒక అమ్మాయి మొదట వినే మాట అభినందన కావడం చిన్న విషయం కాదు.

ఇంకోవైపు గడ్చిరోలిలో మాడియా గోండు స్త్రీలు నెలసరి రోజుల్లో ఊరి చివర కుర్మా ఘర్ అనే గుడిసెలో ఉంటారు. తలుపు, మరుగుదొడ్డి, వెలుతురు లేని గుడిసెలో పాము కాటు భయం, చలి, జబ్బు చేస్తే అడిగే దిక్కులేకపోవడం నిజమైన ప్రమాదాలు. కొన్ని ఊళ్లలో వాటి బదులు మంచాలు, మరుగుదొడ్డి, నీళ్లు ఉన్న పక్కా గదులు కట్టారు. దీన్ని కొందరు మెచ్చుకున్నారు, ఆచారాన్ని ఇంకా గట్టిపరుస్తున్నారని కొందరు విమర్శించారు. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది. ఆ నాలుగు రోజులే మాకు పని నుంచి సెలవు అని చెప్పే ఆడవాళ్లూ ఉంటారు. ఆ సెలవు ఇంట్లోనే దొరకకపోవడం అసలు సమస్య. ఏదేమైనా ఈ రాత్రి అక్కడ పడుకోబోయే అమ్మాయి క్షేమంగా ఉండటం ముందు, ఆచారం మీద వాదన తర్వాత.

గర్భిణి కొన్ని పదార్థాలు తినకూడదంటారు. ఏం చేయాలి?

ఎందుకు తినకూడదో అడగండి. చాలాచోట్ల బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమవుతుందన్న భయం కారణంగా ఉంటుంది. ఆపరేషన్ సౌకర్యం లేని కాలంలో, లేని చోట ఆ భయం తెలివితక్కువది కాదు. తక్కువ తింటే తల్లికి రక్తహీనత పెరుగుతుంది, బిడ్డ బరువు తగ్గుతుంది. నిషేధం ఉన్నదాన్ని తినమని పట్టుబట్టకుండా, వాళ్ల లెక్కలో తినదగినవాటిలోనే బలమైనవి వెతకండి. ఐరన్ మాత్రలు ఎందుకో చెప్పండి. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉన్న ప్రాంతమైతే పరీక్ష చేయించండి. ఆ జబ్బు ఉన్న గర్భిణికి ప్రమాదం ఎక్కువ. ఆమె రక్తహీనత తిండి వల్ల మాత్రమే వచ్చింది కాదు.

మూలికలు వాడుతున్నానంటే మానేయమనాలా?

తిట్టకుండా ఏవో తెలుసుకోండి. కొన్ని హాని చేయవు. కొన్ని గర్భసంచి కండరాల్ని బిగపట్టేలా చేస్తాయి, ఆసుపత్రిలో నొప్పులకిచ్చే మందుతో కలిస్తే ప్రమాదం. ఒకసారి తిట్టించుకున్న మనిషి రెండోసారి నిజం చెప్పదు.

ముర్రుపాలు పిండి పారేస్తారు కదా?

కొన్ని సమాజాల్లో, ఆదివాసులు కానివాళ్లలో కూడా. మొదటి గంటలోనే బిడ్డకి పాలు పట్టాలి. ఈ మాట బాలింతకి కాక ఇంట్లో పెద్దావిడకి, అదీ కాన్పుకి ముందే చెప్పండి.

లోపలి జబ్బుల గురించి ఎందుకు చెప్పుకోరు?

అడిగేవాళ్లు లేక. డాక్టర్ బంగ్ దంపతులు గడ్చిరోలిలో రెండు ఊళ్లలో 650 మంది స్త్రీలని పరీక్షించి 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. నూటికి 92 మందికి ఏదో ఒక గైనిక్ జబ్బు ఉంది. అంతకుముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఎనిమిది మందే. ఆడవాళ్ల ఆరోగ్యం అంటే కాన్పు, ఆపరేషన్ అని మాత్రమే అనుకునే రోజుల్లో ఈ లెక్క చాలామంది కళ్లు తెరిపించింది.

సిగ్గు ఉంది, నిజమే. మగ డాక్టర్ ముందు చెప్పుకోలేరు. ఆస్ట్రేలియా ఆదివాసుల్లో ఇవి ఆడవాళ్లకే చెందిన విషయాలు, మగవాళ్ల ముందు ఎత్తకూడదు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆ నియమాన్ని పాటిస్తూ ఆడవాళ్ల కోసమే 1987లో అలుకురా అనే కేంద్రం పెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకి ఇప్పుడు తేలికైన దారి ఉంది. ఆ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్‌ని కనిపెట్టే హెచ్‌పీవీ పరీక్షకి నమూనాను ఆమే తీసుకోవచ్చు. ఆస్ట్రేలియా 2022లో, న్యూజిలాండ్ 2023లో ఈ సౌకర్యాన్ని అందరికీ తెరిచాయి. ఎవరికీ శరీరం చూపించకుండా పరీక్ష అయిపోతుంది.

సంస్కృతిని గౌరవించడమంటే హాని చేసే ఆచారాలనీ ఒప్పుకోవాలా?

ఒప్పుకోకూడదు. ఆడపిల్లల జననాంగాలు కోయడం అలాంటిదే. దాన్ని ఏ పేరుతోనూ సమర్థించలేం. అయితే ఎవరు ఆపగలిగారో చూడండి. కొలంబియాలో ఎంబెరా తెగలో ఈ ఆచారం ఉందని 2007లో ఒక పసిపాప చనిపోయాక బయటపడింది. ఆ తెగ స్త్రీలే ఊరూరా మాట్లాడి దాన్ని ఆపే పని మొదలుపెట్టారు. కెన్యాలో 2011 చట్టం దాన్ని నిషేధించింది. దానితో పాటు మసాయి సమాజాల్లో కోత లేకుండా, అమ్మాయి ఎదిగిందని ప్రకటించే వేడుకలు చేస్తున్నారు. చట్టం అవసరమే. లోపలి ఆడవాళ్లు నిలబడని చోట చట్టం వస్తే ఆచారం చాటుకి వెళ్తుంది, ఇంకా చిన్న వయసు పిల్లలకి చేసేస్తారు.

దుబాసీగా ఇంట్లోవాళ్లని పెట్టుకోవచ్చా?

భర్తనీ, పిల్లల్నీ వద్దు. గర్భస్రావం గురించో, ఇంట్లో దెబ్బల గురించో కొడుకు చేత అడిగించలేరు.

దీనికి అంతర్జాతీయ చట్టాల్లో ఆధారం ఉందా?

ఉంది. 2007 నాటి ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటన 24వ అధికరణం రెండు హక్కుల్ని పక్కపక్కనే పెట్టింది. తమ సంప్రదాయ వైద్యాన్ని కాపాడుకునే హక్కు, ఏ వివక్షా లేకుండా అన్ని ఆరోగ్య సేవలూ పొందే హక్కు. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలని ఎవరూ అనలేరు. ఐక్యరాజ్యసమితి మహిళలపై వివక్ష నిర్మూలన కమిటీ 2022లో ఆదివాసీ స్త్రీలు, బాలికల కోసమే 39వ సాధారణ సిఫార్సు ఇచ్చింది.

ఇంట్లోనే కాన్పు అని నిశ్చయించుకున్న కుటుంబానికి ఏం చెప్పాలి?

వాళ్ల నిర్ణయం తప్పని వాదించి సమయం పోగొట్టుకోకండి. ఎప్పుడు బయల్దేరాలో చెప్పండి. ధారగా రక్తం పోతున్నా, తలనొప్పితో చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, జ్వరం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా, ఉమ్మనీరు పోయి నొప్పులు రాకపోయినా, పన్నెండు గంటలు దాటి నొప్పులు సాగుతున్నా, బిడ్డ పుట్టి అరగంటైనా మాయ పడకపోయినా వెంటనే కదలాలి. రక్తస్రావమైతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు, కాబట్టి బండి ఎవరిది, ఎవరు తోడు వస్తారు, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు అనేది ఏడో నెలలోనే మాట్లాడుకోవాలి. ఆ మాటల్లో మంత్రసాని, అత్తగారు, భర్త ఉండాలి. ఆసుపత్రికి చేరాక వాళ్లు ఎవరి పేరు అడగాలో కూడా చెప్పి పంపండి, లోపల తెలిసిన మనిషి ఒకరున్నారంటే గేటు దాకా వచ్చి వెనక్కి తిరగరు.